మా వంశంలో ఎవరికీ లేదే!

పిల్లవాడికి ఏ జబ్బో ఇంకా తేలలేదు. రక్తం తీయలేదు, స్కానింగుకు పంపలేదు. డాక్టరుగారు ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని సున్నాలు, చదరాలు గీయడం మొదలుపెట్టారు. చదరం అంటే మగ, సున్నా అంటే ఆడ. జబ్బు ఉన్నవాళ్ల గుర్తును నల్లగా నింపుతారు. పోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలు గీత. భార్యాభర్తలను కలుపుతూ ఒక అడ్డగీత. "మీది బయటి సంబంధమా అమ్మా?" అని అడిగారు. "అబ్బే, బయటివాళ్లకెందుకిస్తారండీ! మా మేనమామే" అంది తల్లి, కొంచెం గర్వంగానే. డాక్టరుగారు ఆ గీత కిందే ఇంకో గీత గీశారు.

జన్యువైద్యుల లెక్కలో ఆ జంటగీతకు అర్థం రక్తసంబంధంలో పెళ్లి. మన జిల్లాల నుంచి వెళ్లే కుటుంబాల కాగితాల మీద అది తరచుగా కనిపిస్తుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది దగ్గరి బంధువులనే చేసుకున్నారు. తెలంగాణలో కొంత తక్కువ.

సరిగ్గా ఈ ఘట్టంలోనే, పక్కన కూర్చున్న నాయనమ్మ ఒక మాట అంటుంది. ఏ ఊరి నుంచి వచ్చినా, ఏ కులమైనా మాట అదే: "మా వంశంలో ఎవరికీ లేదే!"

ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఎవరికీ ఉండి ఉండదు. చిక్కల్లా ఆ మాట నుంచి మనం లాగే అర్థంతోనే. ఎవరికీ లేదు కాబట్టి ఇది వంశపారంపర్యం కాదనుకుంటాం. లేదా కోడలి వైపు నుంచి వచ్చిందనుకుంటాం. రెండూ తప్పే.

వంశంలో ఎవరికీ లేని జబ్బు కూడా వంశం నుంచే రావచ్చని మొదట తట్టిన మనిషి లండన్‌లో పిల్లల డాక్టరు ఆర్చిబాల్డ్ గారడ్. కొందరు పసిపిల్లల మూత్రం గుడ్డ మీద కాసేపు ఉంటే నల్లబడుతుంది. ఆ జబ్బు పేరు ఆల్కాప్టన్యూరియా. అప్పటి డాక్టర్లు అదేదో క్రిముల వల్ల అనుకునేవారు. గారడ్ చూస్తున్న ఒక కుటుంబంలో మళ్లీ కాన్పు వచ్చింది. పుట్టిన బిడ్డ గుడ్డలను జాగ్రత్తగా కనిపెట్టి ఉండమని నర్సుకు చెప్పాడు. రెండు రోజులు దాటాయో లేదో, గుడ్డ మీద మరక నల్లబడింది. అంటే బిడ్డ దాన్ని బయట నుంచి తెచ్చుకోలేదు, పుట్టుకతోనే తెచ్చుకున్నాడు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల వివరాలు గారడ్ కూడదీశాడు. వాళ్లకు ఏ జబ్బూ లేదు. కానీ చాలా జంటలు దగ్గరి బంధువులు, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు. మెండెల్ బఠాణీ మొక్కల మీద 1866లో రాసి అందరూ మరిచిపోయిన వ్యాసం 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. రెండేళ్లకే, 1902లో, గారడ్ తన లెక్కను దానితో కలిపి ప్రచురించాడు. మనుషుల జబ్బుకు మెండెల్ సూత్రం అన్వయించడం అదే మొదలు. అంటే జన్యువైద్యం పుట్టడమే మేనరికాన్ని చూసి పుట్టింది.

ఇందులోని సంగతి తాళంచెవులతో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. ప్రతి జన్యువుకూ మన దగ్గర రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకే ఇంటికి రెండు తాళంచెవులన్నమాట. ఒకటి అరిగిపోయినా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది, ఇల్లు నడిచిపోతుంది. అరిగిన చెవి ఇంట్లో ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అది తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కూతురికి అలా చేతులు మారుతూనే ఉంటుంది. ఇలాంటి మనిషిని వాహకుడు అంటారు. ఒకే జన్యువుకు అరిగిన చెవి మోసే ఇద్దరు పెళ్లి చేసుకుంటే, ఏదో ఒక బిడ్డకు ఇద్దరి నుంచీ అరిగినవే రావచ్చు. అప్పుడు తలుపు తెరుచుకోదు. ఇవి అంతర్గత జబ్బులు. వీటిలో జబ్బుపడ్డ బిడ్డే ఆ వంశంలో మొదటివాడు కావడం మామూలు విషయం.

అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇక్కడ ఒక పొరపాటు చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు. "మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇక తర్వాతి ముగ్గురికీ రాదు" అని. పేకముక్కలు కాన్పు కాన్పుకూ కొత్తగా కలిపి పంచుతారు, వెనకటి ఆట లెక్కలోకి రాదు. వరసగా ముగ్గురికి వచ్చిన ఇళ్లూ ఉన్నాయి, నలుగురికీ రాని ఇళ్లూ ఉన్నాయి.

ఇప్పుడు మేనరికం లెక్క. నూరు మందిలో ఒకరు మోసే అరుదైన లోపం ఒకటి ఉందనుకుందాం. సంబంధం లేని ఇద్దరు పెళ్లాడితే ఇద్దరూ దాన్ని మోసే అవకాశం పదివేలలో ఒకటి, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నలభై వేలలో ఒకటి. అదే మేనమామ మోస్తుంటే, అక్క కూతురు అదే లోపాన్ని మోసే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ మోసే అవకాశం నూటికి ఒకటి కాబట్టి, మొత్తంమీద బిడ్డకు వచ్చే అవకాశం 1,600లో ఒకటి అవుతుంది. ఇరవై అయిదు రెట్లు పెరిగిందన్నమాట. బావామరదళ్లయితే 3,200లో ఒకటి. మన వావివరసల్లో మేనత్త కొడుకు బావ, పెద్దమ్మ కొడుకు అన్న. ఒకరిని చేసుకోవచ్చు, ఇంకొకరిని తలచుకోవడమే పాపం. జన్యువులకు ఈ వరసలు తెలియవు. ఇద్దరితోనూ పోలిక ఒకటే, ఎనిమిదో వంతు.

ఇంత చెప్పాక రెండో వైపూ చెప్పాలి. లేకపోతే భయపెట్టినవాణ్నవుతాను. ఏ జంటకైనా, ఎంత బయటి సంబంధమైనా, పుట్టే బిడ్డకు పెద్ద లోపం ఉండే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. బావామరదళ్లు చేసుకుంటే దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. అంటే అలాంటి జంటల్లోనూ నూటికి తొంభై అయిదుగురికి ఆరోగ్యవంతమైన పిల్లలే. అందుకే "మా అమ్మా నాన్నా మేనరికమే, మేమంతా బాగానే లేమా?" అనే వాదన ఊళ్లో ఎప్పుడూ గెలుస్తూనే ఉంటుంది. జన్యుసమస్య ఉన్న బిడ్డ ఇంతకుముందే పుట్టిన కుటుంబంలో మాత్రం ఈ లెక్క చెల్లదు.

మేనరికం మానేస్తే చాలదా? చాలదు. ఇది మన దేశానికి ప్రత్యేకమైన సంగతి. తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు జరిగితే, గోత్రాలు వేరైనా, ఏనాటి పూర్వీకులో ఒకరే అవుతారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, విదేశీ సహచరులతో కలిసి దక్షిణాసియాలో 263 జనసమూహాలను పరిశీలించి 2017లో ఒక పత్రం ప్రచురించారు. వాటిలో 81 సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించిన గుర్తులు బలంగా కనిపించాయి. ఇలాంటి పరిశోధనలో పాఠ్యపుస్తకాల ఉదాహరణలైన ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా కూడా బలంగా. అందులో మన వైశ్యులూ ఉన్నారు. లక్షల్లో ఉన్న పెద్ద సమూహం, పుట్టింది మాత్రం కొద్దిమంది నుంచి.

దీని జాడ ఆపరేషన్ థియేటర్లలో ముందే పట్టుబడింది. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను కాసేపు సడలించే స్కోలీన్ అనే మందు ఇస్తారు. మామూలుగా కొన్ని నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది. ఆ ఎంజైము లేనివాళ్లు గంటల తరబడి ఊపిరి తీసుకోలేక వెంటిలేటరు మీదే ఉండిపోతారు. వైశ్యుల్లో ఈ లోపం మిగతా వాళ్లకన్నా సుమారు నూరు రెట్లు ఎక్కువ. ముందే తెలిస్తే ఏ ప్రమాదమూ లేదు, ఇంకో మందు వాడతారు. కాబట్టి మత్తు డాక్టరు మీ సామాజిక వర్గం అడిగితే నొచ్చుకోకండి. కులం అడగడానికి న్యాయమైన కారణం ఉన్న బహుకొద్ది చోట్లలో ఆ గది ఒకటి. ఇది ఒక్క వైశ్యుల సంగతే కాదు. వెతికితే చాలా కులాలకు తమదైన అరిగిన తాళంచెవి ఏదో ఒకటి దొరుకుతుంది.

మన దగ్గర చాలా ఎక్కువగా కనిపించేది, తప్పకుండా ప్రతి ఇంటికీ తెలియాల్సింది థలసీమియా. దేశంలో నూటికి మూడు నలుగురు దీనికి వాహకులు. ఏటా పదివేల మందికి పైగా పిల్లలు పెద్దరకం థలసీమియాతో పుడుతున్నారని అంచనా. పుట్టినప్పుడు బిడ్డ చక్కగానే ఉంటాడు. గర్భంలో వాడిన హిమోగ్లోబిన్ ఇంకా కొన్నాళ్లు కాపు కాస్తుంది. ఆరు నెలలు దాటాక పాలిపోవడం మొదలవుతుంది. పాలు తాగుతూ అలిసిపోతాడు, బరువు పెరగడు, పొట్ట ఎడమవైపు ప్లీహం గట్టిగా చేతికి తగులుతుంది. రక్తం ఎక్కించకపోతే ఎముకల్లో మజ్జ ఉబ్బి బుగ్గ ఎముకలు, నుదురు ముందుకు పొడుచుకొస్తాయి. అప్పటికే ఆలస్యమైందని అర్థం. ఆ తర్వాత జీవితమంతా మూడు నాలుగు వారాలకోసారి రక్తం. ఎక్కించే ప్రతి సంచిలోనూ 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది. శరీరానికి దాన్ని బయటికి పంపే దారి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా ఇంకో మందు రోజూ వాడాలి.

వాహకుల సంగతి వేరు. వాళ్లకు ఏ బాధా ఉండదు, కాస్త రక్తం తక్కువ అంతే. ఇక్కడే మన వైద్యం తప్పటడుగు వేస్తుంది. గర్భిణి హిమోగ్లోబిన్ పది ఉంటే ఇనుము మాత్రలు రాస్తాం. మూడు నెలలు మింగినా పెరగదు. "సరిగ్గా మింగడం లేదు నువ్వు" అని ఆమెనే కసురుతాం. రక్తపరీక్ష కాగితంలో ఒక వరస చూస్తే సరిపోయేది. ఎర్రకణాల సైజు బాగా చిన్నదిగా ఉండి, వాటి సంఖ్య మాత్రం మామూలుగానో ఎక్కువగానో ఉంటే థలసీమియాను అనుమానించాలి. ఇనుము లోపంలో సైజూ తగ్గుతుంది, సంఖ్యా తగ్గుతుంది. అనుమానం తీర్చుకోవడానికి హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష ఉంది. అందులో హిమోగ్లోబిన్ ఏ2 నూటికి మూడున్నర దాటితే వాహకమే. ఒకసారి చేయించుకుంటే జీవితాంతానికి సరిపోతుంది. ఆమెకు ఉందని తేలితే భర్తకు చేయాలి. ఆయనకు లేకపోతే బిడ్డకు పెద్దరకం థలసీమియా భయం లేదు.

సైప్రస్ చిన్న ద్వీపం. ఒకప్పుడు అక్కడ ఏడుగురిలో ఒకరు థలసీమియా వాహకులు, పిల్లలకు ఎక్కించడానికి దేశంలో రక్తం చాలని పరిస్థితి. 1970ల నుంచి పరీక్షలు మొదలుపెట్టారు. రక్తపరీక్ష చేయించుకున్నామని కాగితం చూపిస్తేనే చర్చిలో పెళ్లి చేస్తామని మతపెద్దలు షరతు పెట్టారు. ఇద్దరూ వాహకులని తేలినా పెళ్లి ఆపమని ఎవరూ అనలేదు. ఆ జంటల్లో చాలామంది చేసుకున్నారు కూడా. గర్భంలో పరీక్ష చేయించుకున్నారు. జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు వచ్చింది. మనం పెళ్లిచూపుల్లో గోత్రం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం, అబ్బాయి జీతం రెండుసార్లు అడుగుతాం. ఏ2 అడిగిన పెళ్లిపెద్దను నేను ఇంతవరకూ చూడలేదు.

సికిల్ సెల్ జబ్బు థలసీమియాకు దగ్గరి చుట్టం. హిమోగ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో ఒకే ఒక్క అమినో ఆమ్లం మారితే ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. మోసేవాళ్లకు ఇది మలేరియా నుంచి రక్షణ. అందుకే మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో, ఆదిలాబాద్ గూడేల నుంచి విశాఖ మన్యం దాకా ఇది నిలిచిపోయింది. ఏడాది బిడ్డకు రెండు చేతులు, పాదాలు వాచి ఏడుస్తుంటే అది మొదటి గుర్తు కావచ్చు. తర్వాత ఒళ్లు విరిచే నొప్పులు వచ్చి పోతుంటాయి. చలి, జ్వరం, నీళ్లు తక్కువ తాగడం వాటిని రెచ్చగొడతాయి. హైడ్రాక్సీయూరియా మాత్ర చవక, నొప్పులను బాగా తగ్గిస్తుంది. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి.

తాళంచెవి కథకు ఇంకో రెండు మలుపులున్నాయి. ఒకటి, చెవి అరగడం కాకుండా తాళంలో విరిగి ఇరుక్కుంటే? రెండో చెవి బాగున్నా లాభం లేదు. ఇవి బహిర్గత జబ్బులు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు సగానికి సగం అవకాశం. ఒంటి మీద కాఫీ మరకల్లాంటి లేత గోధుమరంగు మచ్చలు ఆరు, అంతకన్నా ఎక్కువ ఉన్న పిల్లలను ఒకసారి డాక్టరుకు చూపించాలి. న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జబ్బుకు అది తొలి గుర్తు. దీనిలో సగంమందికి అమ్మా నాన్నా ఇద్దరూ మామూలే, లోపం ఆ బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మరుగుజ్జుతనంలో ఎక్కువగా కనిపించే రకంలో కూడా లోపం చాలావరకు అలా కొత్తగా పుట్టిందే. నాయనమ్మ మాట ఇక్కడ అక్షరాలా నిజం.

రెండో మలుపు మగపిల్లలది. ఆడపిల్లకు ఎక్స్ క్రోమోజోములు రెండు, మగపిల్లవాడికి ఒకటే. అంటే ఆ గదికి వాడి దగ్గర ఒకే తాళంచెవి. తల్లి మోస్తున్నది అరిగినదైతే కొడుకుల్లో సగంమందికి జబ్బు, కూతుళ్లలో సగంమంది మళ్లీ మోసేవాళ్లు. హిమోఫీలియా ఇలాంటిదే. డుషెన్ కండరక్షీణత ఇలాంటిదే. దీన్ని గుర్తుపట్టడం తల్లికి కూడా సాధ్యమే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. పిల్లవాడు నడక ఆలస్యంగా నేర్చుకుంటాడు. మూడు నాలుగేళ్లకు తరచూ పడిపోతుంటాడు, మెట్లెక్కలేడు, మునివేళ్ల మీద నడుస్తాడు. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉంటాయి. "పహిల్వాను కాళ్లు" అని మురిసిపోతారు. నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. ముందు చేతులు నేలకు ఆన్చి, తర్వాత మోకాళ్ల మీద, తొడల మీద చేతులు వేసి, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు లేస్తాడు. 1879లో గోవర్స్ అనే డాక్టరు వర్ణించిన ఈ గుర్తుకు పరికరం అక్కర్లేదు, ఇంట్లో చాప చాలు. రక్తంలో సీకే పరీక్ష చేస్తే అంకె వేలల్లో వస్తుంది.

ఒక విచిత్రం చూడండి. ఈ పిల్లలకు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కూడా ఎక్కువగా ఉంటాయి. అవి కాలేయంలోనే కాదు, కండరంలోనూ ఉంటాయి. వేరే దేనికో పరీక్ష చేస్తే ఇవి పెరిగినట్టు తేలుతుంది, కామెర్లన్న అనుమానంతో నెలల తరబడి కాలేయం మందులు, పసరు మందులు నడుస్తాయి. పిల్లవాడు లేచే తీరు ఎవరూ చూడరు. ఆ నెలల్లో తల్లికి ఇంకో గర్భం రావచ్చు.

జీ6పీడీ అనే ఎంజైము లోపం కూడా ఎక్స్ క్రోమోజోము మీదిదే. దీని శత్రువు మన బీరువాల్లోనే ఉంది. పాత చీరల మడతల్లో వేసే కలరా ఉండలు! వాటిలో ఉండే నాఫ్తలీన్ వాసన పీలిస్తే ఈ పసివాళ్ల ఎర్రకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. పుట్టిన బిడ్డకు అమ్మమ్మ దాచిన మెత్తటి పాత బట్టలు చుట్టే ముందు ఉతికి ఎండలో ఆరేయండి.

వాసన మాట వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. 1934లో నార్వేలో ఒక తల్లి, ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగింది. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు, ఇద్దరి నుంచీ ముక్కిపోయిన వాసన. ఆ వాసనకూ జబ్బుకూ సంబంధం ఉందేమోనని ఆమె అడుగుతూనే ఉంది. చివరికి ఫోలింగ్ అనే డాక్టరు ఆ మాట పట్టించుకుని మూత్రాన్ని పరీక్షించాడు. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే అది ఆకుపచ్చగా మారింది. ఫినైల్‌కీటోన్యూరియా అలా దొరికింది. పుట్టగానే కనిపెట్టి ఆహారం మారిస్తే బుద్ధి చెడదు. 1960ల్లో రాబర్ట్ గత్రీ మడమ నుంచి రక్తపు చుక్క కాగితం మీద తీసి చేసే పరీక్ష కనిపెట్టాక, కోట్లాది పసిపిల్లల మడమల మీద ఆ సూది గుచ్చుకుంది. మన దగ్గర ఈ పరీక్ష ఇంకా అన్ని ఆసుపత్రుల్లో లేదు, అడిగి చేయించుకోవాల్సిందే.

ఇలాంటి ఇంకో జబ్బులో మూత్రం మేపుల్ పాకం వాసన వేస్తుందని ఇంగ్లీషు పుస్తకాలు రాస్తాయి. మేపుల్ పాకం మనకేం తెలుసు? అయితే ఆ వాసనకు కారణమైన రసాయనమే మెంతుల్లోనూ ఉంది. మనకు మెంతులంటే చాలు. పుట్టినప్పుడు చక్కగా ఉన్న బిడ్డ మూడో రోజుకో నాలుగో రోజుకో పాలు మానేసి, మత్తుగా పడి, గుడ్డలు మెంతుల వాసన వేస్తుంటే ఒక్క గంట ఆగకూడదు. తమాషా ఏమిటంటే, కాన్పు ముందు మెంతులు తిన్న తల్లి బిడ్డ దగ్గర కూడా అదే వాసన వచ్చి డాక్టర్లు కంగారుపడ్డ సందర్భాలున్నాయి. ఆ బిడ్డలు హుషారుగా పాలు తాగుతారు, తేడా అదే. గుర్తు పెట్టుకోవాల్సింది వాసనకన్నా ఈ వరస: బాగా పుట్టాడు, కొన్ని రోజులు బాగున్నాడు, కారణం లేకుండా పడిపోయాడు. ఇన్‌ఫెక్షన్ అని రాసి ముగించే ముందు రక్తంలో అమ్మోనియా, ఆమ్లాలు చూడాలి. ముఖ్యంగా ముందు కాన్పు బిడ్డ కూడా ఇలాగే వారంలోపు పోయి ఉంటే.

డౌన్ సిండ్రోమ్‌కు తాళంచెవుల లెక్క పనికిరాదు. ఇక్కడ చెవి అరగలేదు, 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా వచ్చింది. 1866లో లాంగ్డన్ డౌన్ ఈ పిల్లలను వర్ణించాడు. కారణం 1959లో గాని తెలియలేదు. ఎందుకంటే మనిషికి క్రోమోజోములు 46 అని సరిగ్గా లెక్కపెట్టిందే 1956లో. అప్పటిదాకా పుస్తకాల్లో 48 అని రాసుకున్నారు. మెత్తగా జారిపోయే ఒళ్లు, చివరలు పైకి లేచిన కళ్లు, అణిగిన ముక్కుదూలం, అరచేతిలో ఒకే అడ్డగీత, కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఎడం. వీటిలో ఏ ఒక్కటో ఉంటే ఏమీ కాదు, ఆ అడ్డగీత లోపం లేనివాళ్లలోనూ కొందరికి ఉంటుంది. అన్నీ కలిసి ఉంటేనే అనుమానించాలి. సగంమందికి గుండెలో లోపం ఉంటుంది కాబట్టి పుట్టగానే ఎకో తీయాలి. థైరాయిడ్ ఏటా చూడాలి. అమెరికాలో 1983లో వీళ్ల సగటు ఆయుష్షు పాతికేళ్లు, ఇప్పుడు అరవై. జన్యువును ఎవరూ మార్చలేదు, గుండె ఆపరేషన్ చేశారు, బడికి పంపారు.

తల్లి వయసుతో దీని అవకాశం పెరుగుతుంది. ఇరవై ఏళ్లకు సుమారు 1,500లో ఒకటి, ముప్పై అయిదుకు 350లో ఒకటి, నలభైకి నూటికి ఒకటి. అయినా ఇరవైల్లోని తల్లులే ఎక్కువగా కంటారు కాబట్టి ఈ పిల్లల్లో చాలామంది పుట్టేది వాళ్లకే. దీన్లో నూటికి 95 కేసులు వంశం నుంచి రావు, అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు ఎక్కువ. నూటికి మూడు నాలుగింటిలో మాత్రం ఆ అదనపు క్రోమోజోమ్ ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. వాటిలో కొన్నింటిలో తల్లిదండ్రుల్లో ఒకరికీ ఆ అతుకు ఉంటుంది. అలాంటప్పుడు తర్వాతి కాన్పుకూ ప్రమాదం ఉంది. అందుకే ముఖం చూసి పేరు పెట్టేసినా, క్రోమోజోములను చూసే కేరియోటైప్ పరీక్ష మానకూడదు.

పాపం, తప్పెవరిదన్న పంచాయితీలో ఎప్పుడూ దొరికేది తల్లే. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మనవాళ్లు గ్రహణం మొర్రి అని పేరు పెట్టారు. ఆ పేరులోనే శిక్ష ఉంది. గ్రహణం వేళ బయట తిరిగావు, కత్తిపీట పట్టావు అని. గర్భంలో ఆరేడు వారాలకే పెదవి అతుక్కోవడం పూర్తవుతుంది. చాలామందికి అప్పటికి గర్భమని రూఢి కూడా కాదు. ఎన్నో జన్యువులు, ఫోలిక్ ఆమ్లం లోటు, కొన్ని మూర్ఛ మందులు, పొగ, అన్నీ కలిసి చేసే పని అది. సూర్యచంద్రుల ప్రమేయం లేదు.

మందుల సంగతి కూడా అడుగుతారు. "పదహారు కోట్ల ఇంజెక్షన్" అన్న వార్త మన ఇళ్లలో అందరూ చదివారు. స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ అనే జబ్బుకు అది. కళ్లు చురుగ్గా, ముఖం కళగా, ఒళ్లు మాత్రం గుడ్డబొమ్మలా ఉండే పసిపిల్లలు వాళ్లు. 2023లో సికిల్ సెల్, థలసీమియాలకు జన్యువును సవరించే చికిత్సకు కూడా బ్రిటన్ అనుమతి ఇచ్చింది. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద, గుర్తించిన కేంద్రాల్లో ఒక రోగికి యాభై లక్షల దాకా సాయం ఉంది. ఇవన్నీ మంచివే. కానీ ఒక ఇంజెక్షన్ ఖర్చుతో ఒక జిల్లా మొత్తానికి థలసీమియా పరీక్ష చేయవచ్చన్నది నా గట్టి అభిప్రాయం.

గర్భంలో పరీక్షలకు చట్టం అడ్డు కాదు. 1994 చట్టం నిషేధించింది లింగం చెప్పడాన్ని. జన్యులోపం కోసం పదకొండు వారాల తర్వాత మాయ నుంచి, పదహారు వారాల దగ్గర ఉమ్మనీటి నుంచి నమూనా తీసి పరీక్షించవచ్చు. కానీ దానికి ఒక షరతు ఉంది. వెతకాల్సిన తప్పు ఏ జన్యువులో, ఏ చోట ఉందో ముందే తెలియాలి. జబ్బు ఏదో తేలనప్పుడు అది ఎక్కువగా జబ్బుపడ్డ బిడ్డ రక్తంలోనే తేలుతుంది.

కుటుంబాలు ఇక్కడే నష్టపోతున్నాయి. బిడ్డ ఐసీయూలో పోతాడు, దుఃఖంలో ఇంటికి తీసుకెళతారు, ఏడాదికి తల్లి మళ్లీ గర్భంతో వస్తుంది. "ముందు బిడ్డకు ఏమైందమ్మా?" అంటే ఒక చీటీ మీద 'మూర్ఛ, ఊపిరి ఆడలేదు' అని ఉంటుంది. పోల్చి చూడటానికి ఏమీ మిగలదు.

అందుకే ఈ ఒక్క విన్నపం. కారణం తేలని జబ్బుతో బిడ్డ ఆసుపత్రిలో ఉంటే, ఎంత చెడ్డ గడియ అయినా సరే, రెండు మిల్లీలీటర్ల రక్తం ఈడీటీఏ గొట్టంలో తీయించి డిఎన్‌ఏ భద్రపరచమని డాక్టరును అడగండి. వడపోత కాగితం మీద నాలుగు చుక్కలు ఆరబెట్టినా పనికొస్తుంది. పరీక్ష ఆరోజే చేయించనక్కర్లేదు, డబ్బు కూడినప్పుడు చేయించవచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్ జన్యువైద్య విభాగం, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు రెండు వైపుల వాళ్ల పేర్లు, వయసులు, పసితనంలో పోయిన పిల్లల వివరాలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నాయనమ్మను కూడా తీసుకెళ్లండి. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ కాన్పులో ఏ బిడ్డ ఎన్నో రోజున పోయిందో ఆవిడకే తెలుసు.